సాంస్కృతిక రుసుము క్లబ్బులకు చేరాలి
విశ్వవిద్యాలయాల్లో అడ్మిషన్ నాడే సాంస్కృతిక రుసుము కట్టించుకుంటున్నా, నాటక, సంగీత క్లబ్బులకు చాలాచోట్ల కార్యక్రమం ముగిశాక కూడా డబ్బు అందడం లేదు. క్లబ్బు సలహాదారుగా ఉండే అధ్యాపకుడు, డీన్ సంతకాలు దాటిన ఖర్చుల ఫైలు జీఎస్టీ బిల్లు లేదన్న కొర్రీతో ఫైనాన్స్ విభాగం నుంచి తిరిగొస్తుంది. డప్పు కళాకారుడు, దుస్తులు అద్దెకిచ్చే చిన్న దుకాణదారు ఆ బిల్లు ఎక్కణ్నుంచి తెస్తారు? వాళ్లిచ్చేది తెల్లకాగితం మీద చీటీయే. చివరికి మేకప్ సామాను, మైకుసెట్టు అద్దె విద్యార్థి కార్యదర్శి జేబుకే చిల్లు. మరుసటి ఏడు ఆ పదవికి ఎవరూ ముందుకు రారు. విద్యాసంవత్సరం మొదట్లోనే మంజూరులో సగం సలహాదారు పేర అడ్వాన్సుగా ఇవ్వాలి. చిన్న చెల్లింపులకు సంతకం చేసిన వోచరును, రూ.5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదును ఆమోదించాలి. లెక్కలు అందిన 30 రోజుల్లో మిగతాది చెల్లించి, ఏ క్లబ్బుకు ఎంతిచ్చారో నోటీసుబోర్డులో పెట్టాలి.