సెమరపురలో ఇల్లు కొనడం లేదు, మీ అడ్వాన్సులు తిరిగి ఇచ్చేస్తున్నాను

నా దగ్గర చీరలు కొనే అందరికీ నమస్కారం. సంక్రాంతికి పెట్టిన మెసేజ్‌లో "బాలిలో మనకంటూ ఒక ఇల్లు వస్తోంది, కింద ఎండెక్ బట్టల కొట్టు, పైన మీరొస్తే దిగడానికి రెండు గదులు" అని రాశాను. ఎండెక్ అంటే నూలు కట్టి రంగు అద్ది నేసే బాలి ఇకత్ బట్ట. అది చదివి 41 మంది తలా 3,000 రూపాయలు అడ్వాన్సు కట్టారు. ఆ ఇల్లు కొనడం లేదు. గదులూ ఉండవు. డబ్బు ఈ నెలాఖరులోగా అందరికీ వెనక్కి వచ్చేస్తుంది. మొత్తం 1,23,000లో 38,000 అక్కడి నోటరీ ఫీజులకీ, తిరుగుళ్లకీ వాడేశాను. గదుల కోసమని మీరిచ్చిన డబ్బు అలా తీయడం నా తప్పు. నా పొదుపులోంచి తీసి ఆ మొత్తం పూడ్చాను, ఎవరికీ రూపాయి తగ్గదు.

ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత నాకుంది. మీలో కొందరు "మేమూ అక్కడ కొంచెం పెట్టుబడి పెడదామా అక్కా" అని అడుగుతున్నారు కూడా, అందుకని వివరంగానే రాస్తున్నాను.

సెమరపుర క్లుంగ్‌కుంగ్ జిల్లా కేంద్రం. బాలి జిల్లాల్లో ఇదే చిన్నది. బాలి రాజధాని డెన్‌పసార్ నుంచి తూర్పుకి 40 కిలోమీటర్లుంటుంది. 1686లో ఇక్కడి రాజుల రాజధాని గెల్గెల్ అనే ఊరి నుంచి ఇక్కడికి మారింది. 1908 ఏప్రిల్ 28న డచ్చి సైన్యం మీదికి రాజూ పరివారమూ చావుకి తెగించి నడిచి వెళ్లింది ఈ ఊరి నడిబొడ్డునే. ఊరి పేరు విడదీస్తే మన స్మరపురమే. పేటల పేర్లు దిక్కులతో ఉంటాయి: కాజా అంటే కొండవైపు, కెలోద్ అంటే సముద్రంవైపు, కంగిన్ తూర్పు, కౌహ్ పడమర. నడిమి పేట తెంగా. నేను రెండేళ్లుగా, వెళ్లినప్పుడల్లా ఒకటి రెండు నెలలు అద్దె గదిలో ఉంటున్నది ఆ నడిమి పేటలోనే.

అక్కడ ఉండడం నాకెంత ఇష్టమో దాచుకోను. తెల్లవారకముందే బజారు మొదలవుతుంది. గడప ముందు, కొట్ల ముందు, చివరికి స్కూటర్ సీటు మీద కూడా కొబ్బరాకు బుట్టలో పూలు పెట్టి అగరొత్తి వెలిగిస్తారు. సెరోంబోతాన్ అని ఈ ఊరి వంటకం ఒకటుంది. తూటికూర, మొలకలు, వంకాయ, చిక్కుళ్లు, పైన కారం కలిపిన కొబ్బరి. మాంసం ముట్టని వాళ్లకి అదొక్కటి చాలు. నాలుగు రోడ్ల కూడలి పక్కనే పాత న్యాయమండపం కెర్తా గోసా ఉంది. దాని పైకప్పు నిండా భీముడు యమలోకానికి వెళ్లి పాండురాజునీ మాద్రినీ తీసుకొచ్చే కథ బొమ్మలు. మన భారతంలో లేని కథ, మనకు తెలిసిన భీముడు. మొదటిసారి చూసినప్పుడు మెడ నొప్పెట్టేదాకా తలెత్తే ఉన్నాను.

ఇక నేత. ఇకత్ అనే మాటే వాళ్ల భాషది, కట్టడం అని అర్థం. మా ఇంట్లో నేను చిన్నప్పటి నుంచీ చూసిన పని అది. పోచంపల్లి వైపు మనం సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో నూలు బిగించి కడతాం, వాళ్లు ప్లాస్టిక్ తాడు చీల్చి కడతారు. ఎండెక్‌లో పడుగు మామూలుగానే ఉంటుంది, కట్టేదీ అద్దేదీ పేక నూలు. కట్టు విప్పాక మిగిలిన తెల్లచోట్లలో చిన్న వెదురు పుల్లతో రంగు అద్దుతారు. ఆ పనికి న్యంత్రి అని పేరు. ఒకావిడ పక్కన కూర్చుని ఒక మధ్యాహ్నమంతా చూశాను. పుల్ల ముంచడం, గిన్నె అంచుకి ఒత్తడం, నూలుకి ఆనించి వేలితో రుద్దడం. ఒక్క బొట్టు పక్క పోగు మీదికి జారలేదు. ఆ పని జరిగే ఊళ్లోనే మన కొట్టుండాలని నాకు ఆశ పుట్టింది. ఆ ఆశే నన్ను తొందరపెట్టింది.

బజారు వెనక సందులో పాత రూకో ఒకటి అమ్మకానికి వచ్చింది. కింద కొట్టు, పైన కాపురం ఉండే ఇంటిని అక్కడ రూకో అంటారు. స్థలం ఆరేల్లో చెబుతారు. ఒక ఆరే 100 చదరపు మీటర్లు, మనకు దాదాపు 120 గజాలు. ధర జూతాల్లో. ఒక జూతా పది లక్షల రుపియా, మన డబ్బులో ఐదారు వేలు. పర్యాటకులు ఎక్కువగా దిగే కుటా, చంగు వైపు చెప్పే ధరలు విన్న చెవులకి ఇది చవగ్గా అనిపించింది. మధ్యవర్తి "మీరు విదేశీయులు కాబట్టి ఇక్కడి మనిషి పేరున రాయిద్దాం, మీకు వేరే కాగితాలిస్తాం, అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు.

ఆ వేరే కాగితాలు నాలుగు. నేను ఆ మనిషికి అప్పిచ్చినట్టు ఒకటి, ఇల్లు తాకట్టు పెట్టినట్టు ఒకటి, అమ్ముకునే అధికారం నాకిచ్చినట్టు ఒకటి, దీర్ఘకాలం లీజుకిచ్చినట్టు ఒకటి. పట్టా మాత్రం ఆయన పేరునే. నేను దాదాపు సంతకం పెట్టేదాన్నే. నేనుండే ఇంటి ఇబు (అక్కడ పెద్దావిడని అలా పిలుస్తారు) ఆ కాగితాలు చూసి, "నా మాట విని ఇంకో నోటరీకి చూపించమ్మా, వాళ్లు తెచ్చిన నోటరీకి కాదు" అంది. చూపించాను. ఆ నోటరీ 1960 నాటి భూచట్టం తీసి 21, 26 సెక్షన్లు చదివి వినిపించింది. పూర్తి యాజమాన్య హక్కు, హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. దొడ్డిదారిన విదేశీయుడి చేతికి చేర్చే ఒప్పందం దానంతటదే రద్దవుతుంది, భూమి ప్రభుత్వపరమవుతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు ఉండదు. మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పోయేది నా డబ్బొక్కటే కాదు, మీదీ.

చట్టబద్ధమైన దారులూ అడిగాను. విదేశీయుల పేరున కంపెనీ పెట్టాలంటే స్థలం, కట్టడం ఖర్చు కాకుండానే 1,000 కోట్ల రుపియాకి మించిన పెట్టుబడి చూపించాలి. అంటే మన డబ్బులో 5 కోట్ల పైమాట. చీరలమ్ముకునే నాకు అది అయ్యే పని కాదు. నివాస అనుమతి ఉన్న విదేశీయులకి హక్ పకాయ్ అనే వాడుక హక్కు దొరుకుతుంది, 30 ఏళ్లు, తర్వాత పొడిగింపులు. దానికీ కనీస ధర పెట్టారు, మన లెక్కకి అందదు. పైగా నేను వెళ్లేది 30 రోజుల వీసా మీద, ఇంకో 30 రోజులు పొడిగించుకుని. ఆ వీసా మీద సరుకు కొనొచ్చు, కొట్లో కూర్చుని అమ్మకూడదు. సంక్రాంతి మెసేజ్ పెట్టే ముందే ఇది తెలుసుకుని ఉండాల్సింది.

పెట్టుబడి గురించి అడిగినవాళ్లకి నా జవాబు ఇదే: పక్కవాడి పేరున కొననిస్తామంటే ఎంత మంచివాడైనా వద్దు. ఆయన రేపు పోతే ఆ ఇల్లు ఆయన పిల్లలది. ఇంకో సంగతి. ఆ పేటలో ఇల్లంటే బంజార్‌లో, అంటే పేట సంఘంలో, భాగం. పండగ పనులు, చందాలు, చావుకి వెళ్లి నిలబడడం అన్నీ ఉంటాయి. అక్కడ లేకుండా తాళం వేసిన ఇల్లు కొనిపెట్టుకోవడం ఆ పేటకి మంచిది కాదని రెండేళ్లు ఉన్నాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఎండెక్ మాత్రం ఆగదు. ఇబు వాళ్ల కోడలికి బజారులో సొంత కొట్టుంది. సరుకు ఆమె పేరున, ఆమె బిల్లు మీద కొంటాను, ఇక్కడికి తెచ్చి మీకు అమ్ముతాను. మీరెవరైనా బాలి వెళ్తే నేరుగా ఆ కొట్టుకే పంపిస్తాను, నాకు కమిషన్ ఏమీ లేదు.

చీరల ఆర్డర్లు ఆలస్యమవుతాయి. వాళ్లు నేసేది నడుముకి చుట్టుకునే కమెన్ కోసం, రెండు రెండున్నర మీటర్లు. మనకి ఐదున్నర కావాలంటే మగ్గం మీద పడుగు ప్రత్యేకంగా ఎక్కించాలి. 210 రోజులకోసారి వచ్చే గలుంగాన్ పండగ దగ్గరపడిందంటే మగ్గాలు ఆగిపోతాయి, ఇంటింటా పెంజోర్ వెదుళ్లు అలంకరించే పని. తొందరపెట్టమని నన్నడగొద్దు, నేను పెట్టను. 30 చీరల్లో 11 వచ్చాయి. ముందు కట్టినవాళ్ల వరసలోనే పంపుతున్నాను. మిగతావాళ్లలో ఆగలేమనుకున్నవారు చెప్పండి, గదుల అడ్వాన్సుతో పాటే ఆ డబ్బూ వేసేస్తాను. అకౌంట్ మారినవాళ్లు శుక్రవారంలోగా కొత్త నంబరు పంపండి.