మీ మామ వచ్చేలోపల ఈ ఉత్తరం చదువు

తిరుపతి, బైరాగిపట్టెడ
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి చదివాను. మీ పెదమామ పది రోజులు ఉండడానికి వస్తున్నాడని, ఆయనకు బీడీ లేనిదే పొద్దు గడవదని, పాప తెచ్చుకున్న పిల్లికూనా మీ కుక్కా ఆ హాల్లోనే తిరుగుతుంటాయని రాశావు. "పెద్దాయనకు ఎట్లా చెప్పేదిరా" అన్నావు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. పైగా పోయిన ఏడాది మా ఇంట్లో జరిగింది నీకు పూర్తిగా చెప్పనేలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

తిరుపతిలో సొంతిల్లు అంటే ఏంటో నీకు తెలుసు కదా, ఏడాది పొడుగునా చుట్టాలే. రైలు దిగి తెల్లవారుజామున మూడింటికి గేటు తట్టేవాళ్ళు, స్నానాలు చేసి బ్యాగులు మా దగ్గర పడేసి కొండెక్కేవాళ్ళు, దర్శనమయ్యాక లడ్డూలతో దిగి ఒక నిద్ర తీసి పోయేవాళ్ళు. వాళ్ళొస్తే మాకు సంతోషమే, అమ్మకైతే మరీను. కానీ సిగరెట్ అలవాటున్న వాళ్ళతో ఒక చిక్కుంది. కొండ మీద సిగరెట్ నిషేధం, అలిపిరి తనిఖీలోనే ప్యాకెట్ తీసేసుకుంటారు. అందుకని ఎక్కేముందు "పైన కుదరదు, ఇక్కడే రెండు కాల్చేసి పోతా" అంటారు. దిగొచ్చాక, అంతసేపు ఆపుకున్నదంతా వరసగా కాలుస్తారు. ఆ కాల్చడమంతా మా వరండాలోనే.

పోయిన పెరటాసి నెలలో ఒక శనివారం అక్కా, బావా, పిల్లలూ వచ్చారు. మా బావ ఎంత మంచి మనిషో నీకు చెప్పక్కర్లేదు, నా కాలేజీ ఫీజు రెండేళ్ళు ఆయనే కట్టాడు. అట్లాంటి మనిషికి, పైగా ఇంటి అల్లుడికి, "సిగరెట్ బయట తాగు బావా" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ ఆయనకు మంచినీళ్ళు కూడా కూర్చున్న చోటికే తెచ్చిస్తుంది. నేను ఫ్యాన్ వేశాను, కిటికీలు తీశాను, ఊదుబత్తి వెలిగించాను, పనైపోయిందనుకున్నాను.

సాయంత్రం వాళ్ళు కొండకు బయల్దేరే హడావిడిలో ఉన్నారు. వరండా మెట్టు మీద ఒక పేపర్ కప్పు ఉంది. అడుగున చల్లారిన టీ, అందులో నానిపోయిన నాలుగు సిగరెట్ పీకలు. మన టీలో పాలూ చక్కెరా ఉంటాయి కదా, కుక్క ఊరుకుంటుందా? నేను చూసేసరికి జిమ్మీ కప్పును ముందు కాళ్ళతో నొక్కిపెట్టి నాకుతోంది. టీ లేదు, పీకలు లేవు, కప్పు అంచు కూడా సగం నమిలేసింది. అప్పటికి దానికి ఎనిమిది నెలలు, పదకొండు కిలోలు. అరగంట లోపలే నోటి నుంచి చొంగ తీగలు తీగలుగా కారడం మొదలైంది, రెండుసార్లు కక్కింది, వెనక కాళ్ళు వణికిపోయాయి. చేతికి తగిలిన గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, నాకు చెమటలు పట్టాయి. అమ్మ కంగారులో తన గ్యాస్ టానిక్ పోయబోయింది, మా ఆవిడ వద్దని ఆపింది. ఆటో ఎక్కించుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాం.

అక్కడ డాక్టరు గారు మొదట అడిగినవి రెండే: ఎన్ని పీకలు తింది, ఎంతసేపైంది. సెలైన్ పెట్టి, ఇంజెక్షన్లు చేసి, రాత్రి పదిన్నర దాకా దగ్గరే ఉంచుకుని పంపించారు. గ్యాస్ టానిక్ సంగతి చెబితే, "మంచిపని చేశారమ్మా, పొయ్యకపోవడమే మంచిదైంది" అన్నారు. కడుపులో పులుపు ఉన్నంతసేపూ పొగాకులో ఉండే నికోటిన్ అనే విషం ఒంటికి పట్టడం నిదానమవుతుందట, ఆ టానిక్ పులుపును చంపేస్తే విషం ఇంకా తొందరగా ఎక్కుతుందట. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకో, మనవాళ్ళు దేనికైనా ముందు ఆ సీసానే తీస్తారు.

ఆ తర్వాత నేను కనుక్కున్న లెక్క ఇది. కుక్క బరువు కిలోకు ఒక మిల్లీగ్రాము నికోటిన్ పోయినా లక్షణాలు మొదలవుతాయి. కిలోకు తొమ్మిది, పది మిల్లీగ్రాములైతే ప్రాణానికే ముప్పు. ఒక సిగరెట్‌లో పది మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, కాల్చి పడేసిన పీకలో కూడా దాదాపు పావు వంతు మిగులుతుంది. మీ పిల్లికూన కిలో కూడా ఉండదంటున్నావు, దానికి ఒక్క పీక చాలు. బీడీ చిన్నదే కదా అనుకోకు, పొగాకు తక్కువున్నా ఘాటు తక్కువ కాదు. నీళ్ళలో పడేస్తే నికోటిన్ ఆ నీళ్ళలోకి దిగుతుంది, అంటే పీకలు నానిన నీళ్ళు తాగినా ప్రమాదమే. ఖైనీ పొట్లం, సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్ కూడా అంతే, ఆ గమ్ ఒక్కోటి రెండో నాలుగో మిల్లీగ్రాములు. వచ్చినవాళ్ళ బ్యాగులు నేల మీద ఉంచకుండా చిలక్కొయ్యకు తగిలించమని నేను చెప్పేది అందుకే.

ఇక పొగ సంగతి. కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తానని రాశావు. వద్దురా, అదే నేనూ చేశాను. వాసన తగ్గుతుంది, పొగ పోదు. ఫ్యాన్లూ కిటికీలతో పక్కవాళ్ళు పీల్చే పొగను పూర్తిగా పోగొట్టలేమని 2006లోనే అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పెద్ద, ఇచ్చిన నివేదిక తేల్చి చెప్పింది. అది మనుషుల గురించి, కానీ మన జీవాలు మనకంటే నేలకు దగ్గరగా ఉంటాయి, సోఫా గుడ్డల్లో, దుప్పట్లలో, చాపలో పట్టుకున్న ఆ మసి మీదే పొర్లుతాయి. పిల్లి సంగతి మరీ ఘోరం. అది రోజంతా ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది కదా, బొచ్చు మీద పడిందంతా నోట్లోకే పోతుంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో ప్రచురించిన పరిశోధనలో, సిగరెట్ తాగే ఇళ్ళలోని పిల్లులకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే ముప్పు రెండింతలకు పైగా ఉందని తేలింది. పొడుగు ముక్కు కుక్కలకు ముక్కులో వచ్చే క్యాన్సర్‌కు కూడా ఇంటి పొగతో సంబంధం ఉందని ఇంకో పరిశోధన చెప్పింది. పది రోజులకే క్యాన్సర్ వచ్చేస్తుందని నేననను. కానీ మీ మామ ఏడాదికి మూడుసార్లు వస్తాడు, మిగతా చుట్టాలూ వస్తుంటారు, పిల్లి బతికేదేమో పదిహేనేళ్ళు.

సరే, నీ అసలు ప్రశ్నకు వస్తాను. ఎట్లా చెప్పాలి?

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున నేను బావకు చెప్పాను. కొండ ప్రయాణం ఆపుకుని రాత్రంతా వాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు, ఆయన జిమ్మీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఎంత మెల్లగా చెప్పినా ఆయన ముఖం మాడిపోయింది. "ఈ మాట నేను వచ్చినరోజే చెప్పి ఉంటే మిద్దె మీదికి పోయి తాగేవాణ్ణి కదరా. ఇప్పుడు తప్పు చేసినవాణ్ణి నిలబెట్టి చెప్పినట్టుంది" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తుంది, ఎందుకంటే అది నిజం. నేను మర్యాద అనుకుని నోరు మూసుకున్నాను, దానివల్ల అటు కుక్కా ఇటు బావా ఇద్దరూ బాధపడ్డారు. వైకుంఠ ఏకాదశికి వాళ్ళొచ్చి మా ఇంటికి రాకుండా విష్ణు నివాసం అనే దేవస్థానం సత్రంలో దిగారు. అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేనే పోయి కలిసి, క్షమించమని అడిగి, పిల్లలను ఇంటికి తీసుకొచ్చాను.

అందుకే చెబుతున్నాను, మీ మామ చిత్తూరు బస్సు ఎక్కకముందే ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి, చెల్లెమ్మతో చెప్పించొద్దు. ఇంటి కోడలు చెబితే అది వేరే గొడవవుతుంది. పాపతో "తాతా, మా పిల్లికి పొగ పడదు" అని అనిపించడం కూడా నాకు నచ్చదు, పెద్దాయన నవ్వి ఊరుకోవచ్చు, లేదా లోపల నొచ్చుకోవచ్చు, రెండూ బిడ్డ మీద పెట్టాల్సిన బరువులు కావు. బస్టాండులో, ఆఫీసులో తాగకూడదని 2008 నుంచి రూల్ ఉంది, ఇంట్లోకి ఏ రూలూ రాదు, మనమే చెప్పుకోవాలి. "మామా, ఇంట్లో పిల్లికూన ఉంది, పొగ పడదు దానికి. నీకోసం మిద్దె మీద కుర్చీ వేయించాను, బీడీ అక్కడ తాగుదువు, నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను" అను. ఆ చివరి మాట మరిచిపోవద్దు. బయటికి పొమ్మన్నట్టు కాదు, చోటు చూపించినట్టు ఉండాలి. ఉగాదికి ముందురోజు బావకు నేను ఇట్లాగే ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "జిమ్మీ ఎట్లుంది?" అన్నాడు. ఉగాది రోజు ఇంటికే వచ్చాడు.

మిద్దె మీద ఏం పెట్టాలంటే, మూత గట్టిగా పట్టే పాత హార్లిక్స్ సీసాలో సగం దాకా ఇసక పొయ్యి. నీళ్ళు పొయ్యొద్దు, ఎందుకో పైన రాశాను. పూలకుండీలో గుచ్చే అలవాటు చాలామందికి ఉంటుంది, అందుకని కుర్చీకి చెయ్యి అందేంత దగ్గర్లో సీసా ఉండాలి. రోజూ రాత్రి నువ్వే ఖాళీ చెయ్యి. ఎండాకాలమైతే మధ్యాహ్నం మిద్దె కాలిపోతుంది, అప్పుడు మీ వేపచెట్టు కింద వెయ్యి కుర్చీ. వానొస్తే మెట్ల కింద కూర్చోబెట్టి కుక్కను లోపల ఉంచు. తాగి దిగొచ్చాక చేతులు, మూతి కడుక్కుని, చొక్కా మార్చుకుని పిల్లిని ఎత్తుకోమను. మా ఇంట్లో మెట్ల దగ్గర ఒక తువ్వాలు, సబ్బు ఎప్పుడూ ఉంటాయి, ఎవరికీ చెప్పకుండానే కడుక్కుంటారు. మొదటి రెండు రోజులు ఆయన మరిచిపోయి హాల్లోనే అగ్గిపెట్టె తీస్తాడు, నలభై ఏళ్ళ అలవాటు. అప్పుడు కోప్పడకుండా నువ్వు లేచి "పద మామా, పైకి పోదాం" అని చెయ్యి పట్టుకో.

ఒకవేళ పీక మింగితే, ఉప్పునీళ్ళు పోసి కక్కించడం, పాలు పట్టడం లాంటివి చెయ్యొద్దు. ఎన్ని, ఎప్పుడు అని చూసుకుని నేరుగా ఆస్పత్రికి పో. చొంగ, వాంతి, వణుకు, ఇవి గంటలోపలే కనిపిస్తాయి, వాటికోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మీ ఊరి పశువుల డాక్టరు నెంబరు ఫ్రిజ్ మీద అంటించు, రాత్రిపూట ఎవరుంటారో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకో.

మీ మామ వచ్చే రోజు చెప్పు. రెండో శనివారం నాకు సెలవు, నేనూ వస్తాను, చెనక్కాయలు ఉడకబెట్టించు, ముగ్గురం మిద్దె మీద కూర్చుందాం. నాకు ఆయన కథలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం కదా. పాప పిల్లికూనకు ఏం పేరు పెట్టిందో రాయనే లేదు నువ్వు, అది కూడా చెప్పు.

నీ
పాత బెంచీ స్నేహితుడు