బుజ్జికి లెక్క చూపించండి

డ్రెస్డెన్,
17 ఆగస్టు 2025

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

వరలక్ష్మీ వ్రతం ఫొటోలు చూశాను. అమ్మ బాగా చిక్కిపోయినట్టు అనిపించింది. ఇక్కడ నేను క్షేమమే.

మొన్న ఫోన్‌లో మీరు "నువ్వు టెన్షన్ పడకు, నేను చూసుకుంటాను కదా" అన్నారు. నేనూ సరేనని పెట్టేశాను. కానీ రెండు రాత్రుల నుంచి నిద్ర పట్టడం లేదు. మన బుజ్జి మెడికల్ సీటు కోసం పెందుర్తి స్థలం బేరానికి పెట్టారన్న మాట మీరు చెప్పలేదు, బాబాయి చెప్పాడు. పీఎఫ్‌లో ఎంత తీయొచ్చో ఆఫీసులో కనుక్కున్నారట కూడా. ఫోన్‌లో అయితే మీరు మాట మార్చేస్తారు, నాకేమో ఏడుపొచ్చేస్తుంది. అందుకే రాస్తున్నాను. అమ్మకి చదివి వినిపించండి. బుజ్జిని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి.

మీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది.

2021లో నేను ఇక్కడికి వచ్చే ముందు, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 10,332 యూరోలు వేయాల్సి వచ్చింది కదా. మన డబ్బుల్లో దాదాపు 9 లక్షలు. డబ్బు మనదే అయినా నెలకు 861 యూరోల కన్నా తీయనివ్వరు. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు లేదని మనం ఎంతో సంతోషపడ్డాం. ఈ 9 లక్షలు మాత్రం ఒక్కసారే కావాలి. బ్యాంకులో 7.5 లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలన్నారు. ఇంటి కాగితాలు పెట్టడం మీకు ఇష్టం లేక లోను 7.5 దగ్గరే ఆపారు. మిగతా లక్షన్నర, టికెట్ డబ్బులు ఎక్కడివని అడిగితే "సర్దాంలే" అన్నారు.

ఆ ఆదివారం అమ్మని తీసుకురావడానికి గోపాలపట్నంలో చీటీల పిన్నిగారింటికి స్కూటీ మీద వెళ్లాను. గేటు బయటే నిలబడ్డాను. వరండాలో చీటీ పాట నడుస్తోంది, ఎవరు ఎక్కువ డబ్బు వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్లది. 2 లక్షల చీటీ, 20 మంది, నెలకు 10 వేలు. అప్పటికి మూడో నెల. ఎవరో "ముప్పై" అన్నారు. అమ్మ "ముప్పై అయిదు" అంది. కూతురి పెళ్లి పెట్టుకున్న ఒకావిడ "నలభై అయిదు" అని వదలకుండా పాడుతోంది. అమ్మ "యాభై" అంది. ఆవిడ "యాభై అయిదు" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత నెమ్మదిగా "అరవై" అంది.

60 వేలు నష్టానికి పాడింది నాన్నగారూ. 2 లక్షల చీటీకి చేతికొచ్చింది 1 లక్షా 40 వేలు. ఆ 60 వేలు మిగతా వాళ్లు పంచుకున్నారు. బయటికొచ్చి నన్ను చూసి "ఎంతసేపైందే వచ్చి?" అని మామూలుగా అడిగింది. దారిలో స్కూటీ ఆపించి పది రూపాయల కరివేపాకు, కొత్తిమీర కొంది. నేనేమీ అడగలేదు. అడిగి ఉంటే ఒక సెమిస్టర్ ఆగి, ఏదైనా చిన్న ఉద్యోగం చేసుకుని ఆ లక్షన్నర నేనే కూడబెట్టేదాన్ని. ఆ చీటీలో చివరిదాకా ఉంటే పూర్తి డబ్బు వచ్చేది. ఇంట్లో ముగ్గురమూ ఒకరికొకరు తెలియకుండా మోయడం వల్ల అంత డబ్బు పోయింది. ఇప్పుడు బుజ్జి విషయంలో మళ్లీ అలాగే జరుగుతుందేమోనని నా భయం.

మీరు అనుకుంటున్నది విజయనగరం కొత్త మెడికల్ కాలేజీలో బి కేటగిరీ సీటు, అంటే ఎక్కువ ఫీజు కట్టి చేరే సీటు. ఏడాదికి 12 లక్షలు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్. ఎలా చూసినా ఫీజే 54 లక్షలకు తగ్గదు. హాస్టలూ పుస్తకాలూ వేరు. మీకిప్పుడు 60. 62కి రిటైర్ అవుతారు. అప్పటికి అది రెండో ఏడాదిలో ఉంటుంది. మిగతా ఏళ్లన్నీ మీ పెన్షన్ మీదే నడవాలి.

లోను తీసుకుందామంటే, చదువైన ఏడాది దాకా వాయిదా కట్టక్కర్లేదని బ్యాంకువాళ్లు చెప్తారు. నిజమే. కానీ వడ్డీ ఆగదు. మొదటి ఏడాది తీసిన 12 లక్షలకే పది శాతం బారువడ్డీ వేసుకుంటే, ఆరున్నరేళ్లకి 7 లక్షల 80 వేలు అవుతుంది. అసలు పైసా తగ్గకుండానే. చదువుతుండగానే వడ్డీ కడుతూ ఉంటే రేటు కొంత తగ్గిస్తారు, ఆ మాట తప్పకుండా అడగండి.

మనలాంటి ఉద్యోగస్తుల ఇళ్ల అసలు ఇబ్బంది ఏమిటంటే, ప్రతి సాయానికీ ఒక గీత ఉంటుంది, మనం ఆ గీతకి పైన ఉంటాం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఏడాది ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. చదువుకునే కాలానికి వడ్డీ మొత్తం కేంద్రమే భరించే పథకానికి 4.5 లక్షలు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 10 లక్షల దాకా లోనుకి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, దానికి 8 లక్షలు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినందుకు మీ జీతం అన్నిటినీ దాటిపోయింది. అలాగని 54 లక్షలు ఇవ్వగలిగేంత పైకీ లేదు. దీనికి మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు. విద్యాలక్ష్మిలోనే తనఖా, హామీదారు లేకుండా లోనిచ్చే వెసులుబాటు ఇంకొకటి ఉంది, కానీ ఆ పథకం మొత్తం ఎంపిక చేసిన కాలేజీలకే. జాబితాలో మన కాలేజీ పేరు ఉందో లేదో, ఈ కోటా సీటుకి వర్తిస్తుందో లేదో బ్యాంకులో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు.

ద్వారకానగర్‌లో ఆ ఏజెంటు చెప్పిన విదేశీ ఎంబీబీఎస్ సంగతి వదిలేయండి. 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే ఒకే సంస్థలో చేసి, మన దేశానికి తిరిగొచ్చాక పరీక్ష పాసై మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. 2021 నుంచి రూల్ అది. ఆయన చూపించిన పాంప్లెట్‌లో ఇది ఉందా?

బుజ్జి డాక్టర్ కావద్దని నేను అనడం లేదు. నాయనమ్మని కేజీహెచ్ ఆసుపత్రిలో పెట్టినప్పుడు పదమూడేళ్ల పిల్ల పక్క మంచం ఆవిడ సెలైన్ ఎప్పుడు అయిపోతుందో చూసి నర్సుని పిలుచుకొచ్చేది. దానికి ఆ చదువు మీద ఎంత మనసుందో నాకు తెలుసు. కానీ నిన్న నాతో ఏమందో తెలుసా? "అక్కా, ఎంతవుతుందో నాన్న చెప్పట్లేదు. అడిగితే నీకెందుకు, నువ్వు చదువుకో అంటున్నారు. ఇంకో ఏడాది నీట్ రాస్తే ఆంధ్ర మెడికల్ కాలేజీలోనే రావచ్చేమో అనిపిస్తోంది, కానీ నాన్న బాధపడతారేమోనని చెప్పలేదు." దాని భయం అది, మీ భయం మీది. మధ్యలో పెందుర్తి స్థలం అమ్ముడైపోతోంది.

దానికి పద్దెనిమిది నిండాయి నాన్నగారూ. ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే దాన్ని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి లెక్క మొత్తం చూపించండి. మీ జీతం, పెన్షన్ ఎంత రావచ్చో, స్థలానికి ఎంత వస్తుందో, లోను ఎంత, వడ్డీ ఎంత, అన్నీ. మీరు చెప్తుంటే దాని చేత్తో దాన్నే రాయమనండి. చూశాక కూడా ఈ సీటే కావాలంటే నేను అడ్డు చెప్పను. ఇంకో ఏడాది చదువుతానంటే, ఊళ్లో ఎవరేమనుకున్నా చదవనివ్వండి.

నా వంతు నేను ఇప్పుడే చెప్పేస్తున్నాను. నా లోను మార్చిలో తీరిపోయింది. నెలకు 500 యూరోలు పంపగలను. ఈ రోజు రేటుకి 50 వేలు దాటుతుంది. నెలకు లక్ష చొప్పున లెక్కేస్తే అది ఆ ఫీజులో సగం. లాంగ్ టర్మ్ కోచింగ్‌కైతే అదే ఎక్కువ. ఇది అప్పు కాదు, తిరిగి ఇవ్వక్కర్లేదు. ఆ లెక్కలో ఈ అంకె కూడా రాయించండి. ఇంటి కాగితాలు మాత్రం బీరువాలోంచి తీయొద్దు. ఆ ఇల్లు మీ ఇద్దరికీ ఉండాలి.

సెప్టెంబరు మొదటి ఆదివారం మీకు సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ చేస్తాను. నలుగురమూ ఉందాం. బుజ్జి రాసిన పేజీలు నాకు ఫొటో తీసి పంపమనండి.

అమ్మ ఈ మధ్య మళ్లీ చీటీ కట్టిందని బుజ్జి చెప్పింది. ఈసారి ఎవరి అవసరానికీ మధ్యలో పాడొద్దని చెప్పండి. చివరి నెలదాకా ఉంచి, మొత్తం తనే తీసుకోమనండి.

మీ పెద్దమ్మాయి,
సుధ