మూడు బ్యాటరీలు మార్చారు, చార్జింగ్ మాత్రం ఒక్కసారీ కొలవలేదు

ఇల్లందు,
18-08-2024.

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న బండికి చార్జింగ్ లోపం సరిచేయకపోవడం గురించి.

అయ్యా,

2022 జూన్‌లో మీ డీలరు దగ్గర 160 సీసీ బండి కొన్నాను. మూడేళ్ల వారంటీలో ఇంకా పది నెలలు మిగిలి ఉంది. గడిచిన ఎనిమిది నెలల్లో దానికి మూడు బ్యాటరీలు మార్చారు. రెండు వారంటీ కింద ఇచ్చారు, మూడోదానికి నా దగ్గర 1,450 రూపాయలు తీసుకున్నారు. ఇప్పుడు అదీ డౌన్ అయింది.

జూలై 27 రాత్రి డ్యూటీ దిగి గుండాల వైపు నుంచి వస్తుంటే అడవి దారిలో హెడ్‌లైటు ఎర్రబడింది, హారన్ మూగబోయింది, కాసేపటికి ఇంజినే ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టదు. ఈ బండికి కిక్ లేదు. వానలో, కటిక చీకట్లో రెండు కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చాను. వెనక నుంచి లారీ వచ్చిన ప్రతిసారీ బండిని బురదలోకి దింపుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే దానికి వెనక లైటు కూడా వెలగడం లేదు.

నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటర్‌ని. మల్టీమీటర్ పట్టుకోవడం నాకు రోజూ ఉండే పనే. మర్నాడు బ్యాటరీని బయట ఫుల్ చార్జ్ చేయించి పెట్టాను. ఇంజిన్ ఆపి ఉండగా 12.7 వోల్టులు చూపించింది. స్టార్ట్ చేసి 4000 ఆర్‌పీఎంకి (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) రేజ్ చేస్తే 14 దరిదాపుల్లోకి రావాలి కదా, 12.2కి దిగింది. అంటే ఇంజిన్ బ్యాటరీని నింపడం లేదు, బ్యాటరీయే బండిని మోస్తోంది. ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా ఏం లాభం?

తర్వాత కాయిల్ ఇచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫైయర్ కప్లర్ (తీగలు కలిపే ప్లగ్గు) ఊడదీశాను. ఇంజిన్‌లో కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు తీగల్లో ఒకదాని పిన్ను నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోయి ఉంది. అదే రేజింగ్‌లో తీగలను జతలుగా ఏసీ వోల్టులు కొలిస్తే 61, 26, 24 వచ్చాయి. మూడు జతలూ ఇంచుమించు సమానంగా రావాలి. ఇంజిన్ ఆపి తీగకూ ఇంజిన్ బాడీకీ మధ్య చూస్తే మీటరు కూసింది. అక్కడ కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి, అసలు ఉండకూడదు. కాయిల్ లోపల కాలి బాడీకి షార్ట్ అయిందని ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇదంతా చూడటానికి నాకు అరగంట పట్టింది. మీ సర్వీస్ సెంటర్‌కు నాలుగుసార్లు వెళ్లాను. ఒక్క జాబ్ కార్డు మీదా ఒక్క వోల్టేజీ రీడింగ్ లేదు. ఒకసారైతే ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగుతుందో లేదో చూశారు. ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి మీద అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా పైకెగిరి, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఈసీయూ కాలిపోవచ్చు. కళ్లముందే అది జరుగుతుంటే నా గుండె ఆగినంత పనయింది. వద్దని చెప్పినా వినలేదు. ఆఖరికి “లైటు ఎక్కువ వాడుతున్నారు” అన్నారు. 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లలో హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే లేదు. ఇంజిన్ నడిచినంతసేపూ లైటు వెలుగుతుంది. ఆ లోడును మోసేలా చార్జింగ్ ఇవ్వాల్సింది బండే.

స్టేటర్ కాయిల్, కరిగిన కప్లర్ వారంటీ కింద మార్చండి. రెక్టిఫైయర్‌ను పరీక్షించి, పాడైతే అదీ మార్చండి. మార్చాక 4000 ఆర్‌పీఎం దగ్గర వచ్చిన వోల్టేజీ జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి. సగం చార్జింగ్‌తో పాడైన మూడో బ్యాటరీకి నేను కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి. బ్యాటరీ మార్చేముందు చార్జింగ్ కొలవాలని ఆ సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. నా వెనక వరుసలో ఇదే మోడల్‌తో, ఇదే బాధతో నిలబడ్డ మరో ఇద్దరిని నేను చూశాను.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. నేను ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం నాకిచ్చింది, దాన్నీ వాడుకుంటాను. అప్పటిదాకా నైట్ డ్యూటీకి ఈ బండి తీయను.

జతపరిచినవి: నాలుగు జాబ్ కార్డులు, బ్యాటరీ బిల్లు, కరిగిన కప్లర్, మీటరు రీడింగుల ఫోటోలు.

ఇట్లు,
మీ వినియోగదారుడు