కాసెల్ స్టేషన్లో కనబడని బ్యాండ్‌మేళం

ఒరేయ్ శీనూ,

షార్ట్‌ఫిల్మ్ ఎడిటింగ్ అయిందా, ఇంకా చెక్కుతూనే ఉన్నావా? మొన్న కాసెల్ వెళ్లాను. నువ్వు పక్కనుంటే ఎంత బాగుండేదో! జర్మనీలో ఐదేళ్లకోసారి డాక్యుమెంటా అనే పెద్ద కళాప్రదర్శన జరిగే ఊరది. 2012లో అక్కడి పాత రైల్వే స్టేషన్లో జానెట్ కార్డిఫ్, జార్జ్ బ్యూరెస్ మిల్లర్ అనే కెనడా భార్యాభర్తలు 'ఆల్టర్ బాన్‌హోఫ్ వీడియో వాక్' అని ఒకటి పెట్టారు. మన చేతికి ఐపాడ్, హెడ్‌ఫోన్స్ ఇస్తారు. అందులోని వీడియో ఆ స్టేషన్లోనే తీసింది. 'ఇటు తిరుగు, అటు నడు' అని కార్డిఫ్ గొంతు చెబుతుంటే, తెరమీది గోడ ఎదుటి గోడకి సరిపోయేలా ఐపాడ్ పట్టుకుని 26 నిమిషాలు తిరగాలి.

ఓస్ ఇంతేనా అనకు. తెరమీద బ్యాండ్‌మేళం వాయించుకుంటూ వచ్చేస్తుంది. తలెత్తి చూస్తే మేళమూ లేదు, పాడూ లేదు, సూట్‌కేసు లాక్కుంటూ పోయే ఒకావిడ తప్ప. టీవీ సీరియల్లోకి చెప్పులేసుకుని నడిచి వెళ్లినట్టుంటుంది. అసలు కిటుకు బొమ్మలో లేదురా, శబ్దంలో ఉంది. మన రెండు చెవులకీ వినబడే తీరులోనే రెండు మైకులతో రికార్డు చేస్తారు, బైనారల్ అంటారు. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూడకుండా ఉండు చూద్దాం!

ప్రదర్శన ముగిసి ఏళ్లయింది కాబట్టి నెట్‌లో దొరికిన ముక్క ఫోన్లో పెట్టుకుని తిరిగాను. దూరపు రైళ్లు చాలావరకు ఊళ్లోని ఇంకో స్టేషన్ విల్‌హెల్మ్స్‌హోయేలోనే ఆగిపోతాయి కనుక ఇక్కడ పెద్దగా రద్దీ లేదు.

అక్కడొక గాజు పెట్టె ఉంది. దాన్నిండా కాగితాలు చుట్టిన రాళ్లు. నాజీల కాలంలో బలైపోయిన కాసెల్ యూదుల గురించి బడిపిల్లలు రాసిన కాగితాలవి. హోర్స్ట్ హోహైజెల్ అనే కళాకారుడు చేయించాడు. 1941 డిసెంబరులో లాత్వియాలోని రీగాకి, 1942లో ఇంకో రెండుసార్లు, ఈ స్టేషన్ నుంచే ఆ యూదులని రైలెక్కించారు. కార్డిఫ్ కూడా జనాన్ని ఆ పెట్టె దగ్గరికి నడిపిస్తుంది. అంతసేపూ లేనివాళ్లని చూడటానికి అలవాటుపడ్డ కళ్లకి ఆ ప్లాట్‌ఫారం ఖాళీగా కనబడదు. ఆ బ్యాండ్‌మేళం లేకుండా నేరుగా రాళ్ల దగ్గరికి తీసుకెళ్తే చాలామంది ఓ ఫోటో తీసుకుని కదిలిపోయేవాళ్లేమో.

నాకు నచ్చనిదీ ఉంది. ఎటు చూడాలో ప్రతి క్షణం ఆవిడే చెబుతుంది. కాసేపు మన మానాన మనల్ని వదిలేయొచ్చుగా!

మనం కాచిగూడలో చేద్దామా? 1916 నాటి నిజాం కట్టడం, ఆ కమానులు చాలు. కథ నువ్వు రాయి, శబ్దం సంగతి నేను చూసుకుంటా. సంక్రాంతికి వస్తున్నా. స్టేషన్లో షూటింగ్ అనుమతికి ఎంత కట్టాలో ఈలోగా కనుక్కో. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి