ముందు సింహం, ఆ తర్వాతే పేరు

సంపాదకులకు,

వెండి ధర పెరిగేకొద్దీ తాతల నాటి ఇంగ్లిషు టీ సెట్లు, స్పూన్లు, ట్రేలు అటకల మీంచి దిగి దుకాణాల తక్కెట్లోకి చేరుతున్నాయి. అడుగున నాలుగు చిన్న ముద్రలు కనిపిస్తే చాలు, ‘హాల్‌మార్క్ ఉంది, అసలు వెండే’ అని అమ్మేవారూ కొనేవారూ ఒప్పేసుకుంటున్నారు. తప్పు మొదలయ్యేది ఇక్కడే. పూత సామాను చేసినవాళ్లు కూడా ముద్రలు వరుసగానే కొట్టేవారు, అవీ డాలు ఆకారపు బుల్లి గడుల్లోనే.

ఎక్కువమంది బోల్తాపడేది ‘ఇ.పి.ఎన్.ఎస్.’ దగ్గర. ఒక్కో అక్షరం ఒక్కో గడిలో, వంకర్లు తిరిగిన గోథిక్ అచ్చులో ఉంటుంది కాబట్టి అక్షరాలని కూడా తోచదు. అర్థం ఎలక్ట్రోప్లేటెడ్ నికెల్ సిల్వర్: రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం మీద కరెంటుతో ఎక్కించిన వెండి పూత. జర్మన్ సిల్వర్ అన్న పేరు పుట్టిందీ ఈ లోహానికే. పేరులో తప్ప ఒంట్లో వెండి లేదు. ‘ఏ1’ అని ఉంటే అది పూత మందానికి తయారీదారు తనకు తానే వేసుకున్న మార్కు, స్వచ్ఛతకు కాదు. ‘షెఫీల్డ్’ ఊరి పేరు మాత్రమే.

ముద్రలు చూడగానే చాలామంది పొడి అక్షరాలు పట్టుకుని తయారీదారు పేరు వెతకడం మొదలుపెడతారు. అది తలకిందుల పద్ధతి. అవే రెండు అక్షరాలు వందేళ్లలో పదిమంది వాడి ఉండవచ్చు. ముందు సింహాన్ని చూడాలి: ఎడమవైపు నడుస్తూ, ఒక ముంగాలు ఎత్తి ఉంటుంది. 1544 నుంచి వాడుకలో ఉన్న ఈ గుర్తుకు వెయ్యికి 925 పాళ్లు వెండి అని అర్థం. 1697 నుంచి 1720 దాకా మాత్రం 958 పాళ్ల బ్రిటానియా వెండి తప్పనిసరి చేశారు. ఆ కాలపు వస్తువు మీద సింహానికి బదులు కూర్చున్న స్త్రీమూర్తి ఉంటుంది. దీన్ని బ్రిటానియా మెటల్‌తో కలపకూడదు. అది తగరం, ఆంటిమొని, కాస్త రాగి, ‘ఇ.పి.బి.ఎమ్.’ అని ముద్ర ఉంటుంది. అలాంటి టీ కూజాకు ముక్కు ఊడితే వెండికి అతికినట్టు మంట పెట్టించకండి, కూజా మొత్తం కరిగి కిందపడుతుంది.

రెండోది ఊరి గుర్తు. లండన్‌కు చిరుతపులి తల (1821 దాకా దానికి కిరీటం ఉండేది), బర్మింగ్‌హామ్‌కు లంగరు, షెఫీల్డ్‌కు 1974 దాకా కిరీటం. సముద్రమే లేని బర్మింగ్‌హామ్‌కు లంగరేమిటి? 1773లో వెండి స్వచ్ఛత చూసి ముద్ర వేసే పరీక్ష కేంద్రాల కోసం బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ వాళ్లు లండన్‌లో ‘క్రౌన్ అండ్ యాంకర్’ అనే సత్రంలో కూడేవారట, ఆ పేరునే చెరిసగం పంచుకున్నారని అంటారు.

మూడోది సంవత్సరాక్షరం, అంటే ముద్ర ఏ ఏడు వేశారో చెప్పే అక్షరం. అసలు శ్రద్ధంతా దీనిమీదే పెట్టాలి. లండన్‌లో ‘ఎ’ నుంచి ‘యు’ దాకా, ‘జె’ వదిలేసి, ఇరవై అక్షరాలు ఇరవై ఏళ్లు నడిచేవి. అయిపోగానే మళ్లీ ‘ఎ’, అయితే అచ్చు మారుతుంది, గడి ఆకారం మారుతుంది. పెద్ద ‘ఎ’ గోథిక్‌లో ఉంటే 1836 కావచ్చు, మామూలు రోమన్‌లో ఉంటే 1876 కావచ్చు, గడి ఆకారంతో సరిచూసుకోవాలి. 1974 దాకా అక్కడ అక్షరం మారేది జనవరిలో కాదు, మే నెలలో. అందుకే ఒక్కో అక్షరం రెండు సంవత్సరాలను తాకుతుంది. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ పట్టికలు వేరు కాబట్టి ఊరు తేల్చుకోకుండా అక్షరం చదివితే ఏళ్లకేళ్లు తేడా వస్తుంది. 1784 చివరి నుంచి 1890 దాకా సుంకం కట్టినందుకు రాజు లేక రాణి తల కూడా కొట్టేవారు. ఆ మధ్యకాలపు అక్షరం ఉన్న పెద్ద వస్తువు మీద ఆ తల లేకపోతే అనుమానించాల్సిందే.

ఇవన్నీ తేలాకే పొడి అక్షరాలు. పాత ముద్రల్లో ‘జె’ని ‘ఐ’గా కొట్టేవారని గుర్తుంచుకోవాలి. లండన్‌లో వెండి సామాను చేసిన బేట్‌మన్ కుటుంబమే మంచి ఉదాహరణ. భర్త పోయాక 1761లో హెస్టర్ బేట్‌మన్ తన ‘హెచ్.బి.’ని గొలుసుకట్టు రాతలో నమోదు చేయించుకుంది. 1790లో కొడుకులు పీటర్, జొనాథన్‌ల ‘పి.బి., ఐ.బి.’ వచ్చింది. మరుసటి ఏడాది జొనాథన్ చనిపోవడంతో అతని భార్య ఆన్ చేరి ‘పి.బి., ఎ.బి.’ అయింది. కాబట్టి హెస్టర్ ‘హెచ్.బి.’ పక్కన 1800 నాటి అక్షరం కనిపిస్తే ఏదో ఒకటి అబద్ధం.

ముద్రలు నిజమైనా వస్తువు నిజం కాకపోవచ్చు. 1720 నుంచి 1758 దాకా ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం ఎగ్గొట్టడానికి, చిన్న వస్తువు మీద ముద్రలు వేయించి, ఆ ముక్క కోసి పెద్దదానికి అతికేవారు. ముద్రల చుట్టూ నోటి ఆవిరి ఊదండి. అతుకు ఉంటే గీతలా తేలుతుంది. పోతపోసిన దొంగ ముద్రల అంచులు మొద్దుబారి, సన్నని గుంటలతో ఉంటాయి. ఆరు స్పూన్ల మీదా ఒకే చోట ఒకే గాటు కనిపిస్తే అవి ఒకే అచ్చు పిల్లలు.

చదవడానికి పదింతల భూతద్దం, పక్కనుంచి పడే వెలుతురు చాలు. అరిగిన ముద్ర మీద వంటింటి అల్యూమినియం రేకు పరిచి రబ్బరుతో అదిమితే అచ్చు దిగుతుంది. ముద్ర దగ్గర ఆకురాయి పెట్టనివ్వకండి, యాసిడ్ చుక్క వేయనివ్వకండి. ఇటుకపొడితో తోమితే ముద్రా పోతుంది, పూతా పోతుంది. పూత పోయినచోట ఎర్రగా రాగి కనిపిస్తే, 1840కి ముందు రాగి రేకుకు వెండి రేకు వేడితో అతికించి చేసిన పాత షెఫీల్డ్ ప్లేట్ అయి ఉండవచ్చు. తూకానికి పనికిరాదు గాని సేకరించేవారికి విలువైనదే.

తూకం విషయంలో మరో మాట: కొవ్వొత్తి స్టాండ్ల అడుగునా, కత్తుల పిడుల్లోనూ లక్కో, తారో నింపి ఉంటుంది. ఆ బరువుకు వెండి ధర కట్టకండి. ఇక మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా హామిల్టన్ లాంటి కంపెనీలు ఇక్కడ చేసిన వెండి మీద ఇంగ్లండ్ సింహం లేదని దాన్ని నకిలీ అనుకోకూడదు. అప్పట్లో ఇక్కడ అలాంటి పరీక్ష కేంద్రం లేదు కాబట్టి కంపెనీ ముద్రే ఉంటుంది. అలాంటివాటిని కరిగించే ముందు ఒకసారి తెలిసినవారికి చూపించండి.

ఇట్లు,
పాత వెండి సామాను మదింపు చేసే ఒక పాఠకుడు,
కాకినాడ