బండిలో కాపురం పెట్టిన బిడ్డకు

హనుమకొండ,
ఏప్రిల్ 24.

చిరంజీవి బిడ్డకు బాపు ఆశీర్వదించి రాయునది.

మేం ఇల్లు చేరి పన్నెండు రోజులైంది. మీ అమ్మ ఇంకా రాత్రి రెండింటికి లేచి కూర్చుంటోంది. ఇక్కడ ఎండ 42 దాటింది, కూలర్‌కు కొత్త గడ్డి పెట్టించాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరం ఏంటని అనుకుంటావు. ఫోన్‌లో నేను ఏదైనా మొదలుపెడితే నువ్వు "ఆఁ బాపూ, సరే బాపూ" అంటావు, పక్కనుంచి చిన్నోడు ఏదో అడుగుతాడు, మాట అక్కడే తెగిపోతుంది. ఇది మధ్యలో తెగకుండా చెప్పాల్సిన ముచ్చట.

ముందు ఒకటి ఒప్పుకుంటాను. మీరు ఆ ట్రైలర్ కొన్నారని తెలిసిన రోజు నీ మీద అరిచాను. ఫీనిక్స్‌లో ఇంత ఇల్లు పెట్టుకొని డబ్బాలో కాపురం ఏంది అన్నాను. ముప్పై ఏళ్లు లారీ క్యాబిన్‌లో పడుకున్నవాణ్ణి. నా బిడ్డకు ఆ గతి వద్దనే కదా చదివించింది, అదీ నా కోపం. మార్చిలో అమెరికా వచ్చి మూడు వారాలు ఆ డబ్బాలోనే మీతో ఉన్నాక ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. మిగతా సగం అలాగే ఉంచుకుంటా.

మొదటి రాత్రి గుర్తుందా? అరిజోనా ఎడారిలోని ఆ క్వార్ట్‌జ్‌సైట్ ఊరు చేరేసరికి చీకటి పడింది. ఎడారి నిండా ఎక్కడ చూసినా బండ్లు, బండి బండికీ ఒక చిన్న దీపం, అక్కడక్కడా నెగళ్లు. మీ అమ్మ కిటికీలోంచి చూసి "మేడారం లెక్కనే ఉంది" అన్నది. అప్పటిదాకా ముడుచుకొని ఉన్న నా మనసు ఆ మాటతో కొంచెం వదులైంది. నా చిన్నప్పుడు మా నాయన ఎడ్లబండికి తడకలతో గూడు కట్టేవాడు. బియ్యం, కట్టెలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అమ్మవార్లకు బంగారం అని ఇచ్చే బెల్లం, అన్నీ అందులోనే. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఊరు ఊరంతా కదిలేది. అడవిలో చెట్టు కింద బండి విప్పితే అదే మా ఇల్లు. జంపన్నవాగు ఇసుకలో చెలిమ తోడి నీళ్లు తెచ్చుకునేవాళ్లం, రాత్రి పిల్లలందరం బండి కిందనే పడుకునేవాళ్లం. అక్కడ మీ పక్క బండిలోని కెనడా ముసలాయన రోజూ పొద్దున కుర్చీ బయట వేసుకొని కాఫీ తాగుతుంటే నాకు మా తాతే గుర్తొచ్చాడు. చలికాలం గడపడానికి దిగివచ్చే వాళ్లను స్నోబర్డ్స్ అంటారని అల్లుడు చెప్పాడు. ఎవరి జాతర వాళ్లది!

అక్కడ సర్కారు భూమిలో పద్నాలుగు రోజులు ఊరికే ఉండనిచ్చి, తర్వాత వేరే చోటికి జరగమనే పద్ధతి నాకు నచ్చింది. మన దగ్గర అట్లా వదిలేస్తే పదిహేనో రోజుకు గోడ లేస్తుంది.

ఆ ఎడారి గురించి నేను అనుకున్నదొకటి, చూసింది ఒకటి. ఇసుక తప్ప ఏమీ ఉండదనుకున్నా. పాలో వెర్డే చెట్టుకు మొద్దు కూడా పచ్చగా ఉండటం, ఒళ్లంతా పసుపు పూలు పూయడం చూసి మీ అమ్మ తంగేడే అని తేల్చేసింది. బతుకమ్మకు పనికొస్తుందా రాదా అని కూడా లెక్కలేసింది. కట్టె పుల్లల్లా ఉండి కొసకు ఎర్రగా పూసే ఆ ఓకొటియో మాత్రం నాకు మన మోదుగే. కోఫా కొండల సందులో అన్ని తాటిచెట్లున్నాయి, గీసేవాడు ఒక్కడూ లేడే అని నేనంటే అల్లుడు నవ్వాడు. అవి తాళ్లు కావని తెలుసులే. ఉగాదికి వేపపువ్వు దొరక్క మీ అమ్మ పచ్చడిలో మెంతులు నూరి వేసింది. ఆ చేదు ఇంకా నా నాలుక మీదే ఉంది.

హై జాలీ సమాధి దగ్గర నన్ను గంటసేపు వదిలేసినందుకు సంతోషం. అమెరికా సైన్యం 1850ల్లో ఎడారిలో సామాను మోయడానికి ఒంటెలను తెప్పించిందట. వాటిని తోలడానికి సిరియా వైపు నుంచి వచ్చినవాడు ఈ హాజీ అలీ. సైనికులకు ఆ పేరు నోరు తిరగక హై జాలీ అన్నారు, అదే మిగిలింది. ఒంటెల పని ముగిసింది కానీ ఆయన వెనక్కి పోలేదు. 1902లో ఆ ఊళ్లోనే పోయాడు. రాళ్లతో గోపురంలాగా కట్టి, పైన రాగి ఒంటెను నిలబెట్టారు. నేను తిరిగిన రోడ్ల పక్కన డ్రైవర్ల సమాధులు ఉన్నాయి కానీ, గోపురం కట్టింది ఒక్కటీ చూడలేదు. మీ ఆఫీసులో నీ పేరును ముక్కలు చేసి పిలుస్తారని చెప్పావు చూడు, ఆ రాయి ముందు నిలబడితే అదే గుర్తొచ్చింది.

ఇక పనికొచ్చే మాటలు. ఇవి డ్రైవర్‌గా చెప్తున్నా, అల్లుడికీ వినిపించు.

తిరుగు ప్రయాణంలో పెద్ద లారీ మనల్ని దాటిన ప్రతిసారీ ట్రైలర్ తోక ఊపింది. మీరు గాలి అనుకున్నారు. గాలి సగమే, మిగతాది లోడు. ఇసుకలో, రాళ్లలో తోలే మీ చిన్న ఎడారి బండి ఏడెనిమిది వందల కిలోలు ఉంటుంది, దాన్ని వెనక అరలో ఎక్కిస్తారు. ముందున్న నీళ్ల ట్యాంకేమో అప్పటికి ఖాళీ. వంద గ్యాలన్లంటే 380 లీటర్లు, లీటరు నీళ్లు కిలో బరువు. అంటే పోయేటప్పుడు ముందు ఉన్న 380 కిలోలు వచ్చేటప్పుడు లేవు. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు లాగే బండికి తగిలించే కొండీ మీద పడాలి. అది తగ్గితే తోక బండిని ఆడిస్తుంది. ఊగినప్పుడు గాబరాపడి బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ వదిలెయ్, ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో మెల్లగా పట్టు. ఇంకోటి, మీ స్టెప్నీ మీద నాలుగు అంకెలు చూశాను, 1817. అంటే 2017లో పద్దెనిమిదో వారంలో తయారైన టైరు. టైరు మీది గుండీలు కొత్తగానే కనిపిస్తున్నాయి కానీ రబ్బరు ఎండకు లోపల పగిలిపోతుంది. పాత ట్రైలర్ చవగ్గా వచ్చిందని మురిసిపోయారు, ఆ చవకలో ఇదొకటి. మార్పించండి.

మురుగు ట్యాంకు ఖాళీ చేసే పని గురించి ఏమీ రాయను. అల్లుడూ నేనూ ఆ గొట్టం పట్టుకొని మొహాలు పక్కకు తిప్పుకొని నిలబడ్డాక మామా అల్లుళ్ల మధ్య మొహమాటం మిగల్లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ శనివారం అల్లుడికి ఆఫీసు కాల్ ఉందని ఎడారి బండిలో మనిద్దరమే బయల్దేరాం. డోమ్ రాక్ కొండల్లో పాత గనుల దారి. నువ్వు తోలుతుంటే పక్కన కూర్చొని నేనెంత గర్వపడ్డానో నీకు చెప్పలేదు. రాతి మెట్ల మీద ఒక్కో చక్రాన్ని ఆనించి ఎక్కించడం నీకు ఎవరూ నేర్పలేదు, అది చేతిలో ఉంటుంది. ఎండిన వాగులోకి దిగాక ఇసుక మెత్తబడింది. తిప్పు అన్నాను. "ఇంకొక్క మలుపు బాపూ" అన్నావు. రెండో మలుపులో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. టైర్ల కింద వేసే బోర్డులు ట్రైలర్‌లోనే ఉన్నాయి. ఇద్దరికీ కలిపి లీటరున్నర నీళ్లు. సిగ్నల్ లేదు. టైర్లలో గాలి తగ్గించి, చేతులతో ఇసుక తోడి, ఎండుపుల్లలు ఏరి చక్రాల కింద పరిచి బయటపడేసరికి చీకటి. ఆ వాగులో నాకు ఒక్కటే భయం, వాన. నెత్తిమీద ఆకాశం నీలంగా ఉన్నా ఎక్కడో కొండల మీద కురిస్తే చాలు. 2023 జూలైలో మోరంచవాగు మోరంచపల్లి మీదికి ఎట్లా వచ్చిందో నీకు తెలుసు కదా.

తొమ్మిదింటికి చేరాం. మీ అమ్మ టార్చిలైటు పట్టుకొని తలుపు దగ్గర నిలబడి ఉంది. దారిలో నువ్వు నాతో అన్నావు: "దిగబడ్డామని అమ్మకు చెప్పొద్దు బాపూ, దారి తప్పామని చెప్దాం." నేను తలూపాను. ఆ తల ఊపినందుకే ఈ ఉత్తరం.

నీకు నాలుగేళ్లప్పుడు, 1994లో, ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడుతో నాగ్‌పూర్ బయల్దేరాను. కిరాయి ఎక్కువొస్తుందని బస్తాలు మోతాదుకు మించి వేయించాను. మంచిర్యాల దాటినాక ముందు తనిఖీ ఉందని టీ కొట్టులో ఎవరో అన్నారు. వాగులోంచి అడ్డదారి ఉందన్నారు. క్లీనర్ పిల్లవాడు వద్దన్నాడు. నేను ఇంకొక్క మలుపు అన్నాను, అచ్చం నీలాగే. బండి ఇసుకలో దిగబడింది. గోనెసంచులు వేశాం, గడ్డపారతో తవ్వాం, కదల్లేదు. రెండు రాత్రులు అక్కడే. వెనక లారీ నిండా మిరపకాయలు, తినడానికి మెతుకు లేదు. చెలిమ తోడుకొని నీళ్లు తాగాం. మూడో రోజు ఒక రైతు ట్రాక్టర్ తెచ్చి లాగాడు. ఇంటికొచ్చి మీ అమ్మతో నాగ్‌పూర్‌లో మార్కెట్ బంద్ ఉండె, లోడు దిగలేదు అని చెప్పాను. అప్పుడు నీకు జ్వరం. మీ అమ్మ ఏమీ అనలేదు.

ఆ రెండు రాత్రులు నన్ను పాము కరిచి ఉంటే మీ అమ్మ నన్ను వెతకాల్సింది నాగ్‌పూర్‌లో. నేనేమో మంచిర్యాల అవతల వాగులో. అబద్ధం చెప్తే మీ అమ్మ మనసు కుదుటపడుతుందని అప్పుడు అనుకున్నా. మొన్న ఆ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతుంటే అర్థమైంది, మన కోసం వెతికేవాళ్లను నేనే వేరే దిక్కుకు పంపించానని.

వచ్చే నెల యూటాలోని మోయాబ్ పోతామన్నావు. ఆ నున్నటి రాతి గుట్టలు వీడియోలో చూశా. పోండి, వద్దనను. కానీ ఒక్క బండితో పోవద్దు. ఏ దారి, ఎన్నింటికి లోపలికి, ఎన్నింటికి బయటికి అని కాగితం మీద రాసి ట్రైలర్‌లో ఉండే మనిషి చేతిలో పెట్టు, నాకు ఫోటో పంపు. గడియారం విషయం కూడా చూసుకో. అరిజోనా వాళ్లు టైం మార్చరు, యూటా వాళ్లు మారుస్తారు. ఏడింటికి ఫోన్ చేస్తా అంటే ఏ ఊరి ఏడో రాయి, లేకుంటే ఇక్కడ గంటసేపు మీ అమ్మకు ఊరికే టెన్షన్. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఆ పూటకే పోతున్నా సరే. ఉపగ్రహంతో మెసేజ్ పోయే పరికరం గురించి అల్లుడు బేరమాడుతున్నాడు కదా, ఆ డబ్బులు నేను పంపిస్తా. బేరం ఆపమను.

ఇంతవరకు రాసి మీ అమ్మకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకొని మొత్తం చదివింది. నాగ్‌పూర్ దగ్గర ఆగలేదు. చదివి మడతపెట్టి అన్నది: "నాకు గప్పుడే తెలుసు. బిడ్డకు జరమొచ్చిందని ఎస్టీడీ కాడికి పోయి నాగ్‌పూర్‌కు ఫోన్ చేయించిన. బండి రానే లేదన్నరు."

మరి ఇన్నేళ్లు ఎందుకు అడగలేదంటే, "నువ్వే చెప్తవని చూసిన" అన్నది. దారి తప్పినోళ్ల గోళ్లలో ఇసుక ఎందుకుంటుందో కూడా నిన్ను అడగమన్నది. నువ్వే ఫోన్ చేసి చెప్పు, ఆమె ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

చిన్నోడికి ముద్దులు.

ఇట్లు
మీ బాపు